కొలవని మూల

మా ముందుగదికీ పక్క దుకాణం గిడ్డంగికీ మధ్య ఒకటే గోడ. మేం ఈ ఇంట్లో దిగినప్పుడు ఆ గిడ్డంగిలో బట్టల మూటలు ఉండేవి. పోయినేడు దుకాణం చేతులు మారింది. కొత్తాయన చల్లగా దాచుకోవాల్సిన సరుకు పెట్టుకున్నాడు. దాని కోసం ఓ పెద్ద కంప్రెసరు తెచ్చి సరిగ్గా మా గోడకే ఆనించాడు. అది పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది.

చెవులు పగిలే మోత కాదది. చెవులు పగిలేదైతే వీధిలో నలుగురూ కలిసి పోట్లాడేవాళ్ళు. ఎవరో నోరు మూసుకుని లోపల్లోపలే మూలుగుతున్నట్టు ఉంటుంది. కాసేపటికి వింటున్నామన్న సంగతే మరిచిపోతాం. ఒళ్ళు మాత్రం మరిచిపోదు. మధ్యాహ్నానికల్లా కణతలు బిగుసుకుపోయి, కారణం లేకుండా గిన్నెల మీదా మనుషుల మీదా విసుక్కుంటూ ఉంటాం. దుకాణదారుకు చెబితే ఆయన మర్యాదగా విన్నాడు, మర్యాదగా తల ఊపాడు. మిషను ఆపితే సరుకు పాడైపోతుందనీ, టీవీ కాస్త పెంచుకోమనీ చెప్పి పంపించాడు.

మా అత్తగారికి టీవీతో పనిలేదు. ఆవిడకు కావలసింది మాట. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేశారు. గొంతు వింటే చాలు, అవతలి మనిషి నిలబడి మాట్లాడుతున్నాడో కూర్చుని మాట్లాడుతున్నాడో చెప్పేసేవారట. ఇప్పుడు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవికి మిషను పెట్టుకుంటారు. ఆ మిషనుకు ఏది మాటో ఏది మూలుగో తెలియదు. అన్నిటినీ పెద్దవి చేసి చెవిలో పోస్తుంది. కంప్రెసరు వచ్చాక మా మాటలన్నీ ఆవిడకు ఆ మూలుగు అడుగున పడిపోయాయి.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పత్రికలో వచ్చే గళ్ళ నుడికట్టును ఇద్దరం కలిసి నింపడం నేను కాపరానికి వచ్చిన కొత్తలో మొదలైన అలవాటు. నేను ఆధారం చదవాలి, ఆవిడ జవాబు చెప్పాలి, నేను ఒప్పుకోకూడదు, ఆవిడ వాదించాలి. మా అత్తాకోడళ్ళ తగువులన్నీ ఆ గళ్ళలోనే తీరిపోయేవి. గళ్ళు దాటి వంటింట్లోకి ఒక్కటీ వచ్చేది కాదు.

కంప్రెసరు వచ్చిన కొన్నాళ్ళకు ఆవిడ ఒక్కో ఆధారాన్నీ మళ్ళీ మళ్ళీ చదివించుకోవడం మొదలుపెట్టారు. తర్వాత వినకపోయినా విన్నట్టు నవ్వడం నేర్చుకున్నారు. ఒకరోజు పెన్సిలు నా చేతిలో పెట్టి, కళ్ళు లాగుతున్నాయి, నువ్వే పూర్తిచెయ్యి అన్నారు. అవి ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించే కళ్ళు. ఆ తర్వాత మా వదిన, అంటే మా వారి అక్క, ఫోన్ చేసినప్పుడు పెరటి గుమ్మంలోకి వెళ్ళి మాట్లాడుతూ, వచ్చి నీ దగ్గర ఉంటానని ఆవిడే అన్నారు. చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికి. కారణం అడిగితే మార్పు కోసమన్నారు. మా మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని బతిమాలడానికైనా వీలుండేది.

మా వారు పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వస్తారు. ఆవిడ కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఇక ఆ కంప్రెసరే.

తల్లి వెళ్ళిపోతానంటోందని తెలిశాక మా వారిలో చలనం వచ్చింది. ఆయన పనిచేసే కంపెనీ బస్సులకూ అంబులెన్సులకూ లోపలి మోత తగ్గించే పలకలు తయారుచేస్తుంది. వాటిని పరీక్షించే విభాగంలో ఈయన ఉంటారు. ఇళ్ళ గదుల్లో కూడా అవి పనిచేస్తాయేమో చూద్దామని ఎప్పటినుంచో వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్నారట. ఈయన పెద్దసారును అడిగి, కొన్ని పలకలు ఇంటికి తెచ్చి ఆ గోడ నిండా బిగించారు.

రెండు పల్చటి రేకుల మధ్య నూనెలాంటి బూడిదరంగు ద్రవం. దానికి కరెంటు ఇస్తే చిక్కబడుతుంది, తీసేస్తే పల్చబడుతుంది. ఓ చిన్న సీసాలో పోసి నాకు చూపించారు కూడా. నీళ్ళలా ఊగుతున్నది మీట నొక్కగానే చల్లారిన గంజిలా ముద్దకట్టింది. వదిలేయగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఊగింది. పలక ఎంత బిగువుగా ఉంటే ఏ మోతను ఆపుతుందో దానికో లెక్క ఉందట. గదిలో పెట్టిన మైకు వింటుంది, దానికి తగిలించిన చిన్న కరెంటు పెట్టె లెక్కచూస్తుంది, ఏ పలకలో ద్రవం ఎంత బిగుసుకోవాలో అంత బిగుసుకుంటుంది. తెలివైన పలకలని ఆయన మురిసిపోయారు. ఈ ఇంట్లో ఒకరి మాట విని అంత త్వరగా మారేది అదొక్కటేనని నాకు అనిపించింది. పైకి అనలేదు.

ఆదివారం వచ్చిందంటే పరీక్ష. దానికి గది ఖాళీ చేయాలి. సోఫా ఒక పక్కకు, బల్ల మరో పక్కకు, అత్తగారి కుర్చీ వసారాలోకి. మైకు మాత్రం గది నడిమధ్య, మూడు కాళ్ళ మీద, పెళ్ళికొడుకులా నిలబడేది. పెట్టె ముందుగా సన్నటి కూత ఒకటి పెడుతుంది. అది పెరిగి పెరిగి ఆగిపోతుంది. తర్వాత పలకలు బిగుసుకోవడం మొదలవుతుంది. కొడుకు పనికి అడ్డం రాకూడదని అత్తగారు ఎవరూ చెప్పకముందే లేచి వసారాలోకి వెళ్ళిపోయేవారు. అంతా అయ్యాక ఈయన ఆవిడను గుమ్మం దాకా పిలుచుకొచ్చి, చెవి దగ్గరకు వంగి గట్టిగా అడిగేవారు.

"అమ్మా, ఇప్పుడెలా ఉంది?"

"అసలేమీ వినబడటం లేదురా నాన్నా."

ఆయన మొహం వెలిగిపోయేది. అబద్ధమెందుకు, నాకూ తేడా తెలిసింది. గది మధ్యలో నిలబడితే, ఎన్నాళ్ళుగానో భుజాన మోస్తున్న చెయ్యి ఎవరో తీసేసినట్టు ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, పరీక్ష అయ్యాక, నేను పత్రిక, పెన్సిలు పట్టుకుని అత్తగారి కుర్చీ దగ్గర చేరాను. నది దాటించేది, మూడక్షరాలు అని చదివాను. ఆవిడ నా మొహంలోకి చూసి, ఔనమ్మా అని నవ్వారు.

నాకు అర్థం కాలేదు. మోత తగ్గింది. తగ్గిందని ఆవిడే అన్నారు. ప్రయాణం మాత్రం మానుకోలేదు. పెట్టెలో చీరలు సర్దడం కూడా మొదలుపెట్టారు. మా వారు మొహం చిన్నబుచ్చుకుని తిరిగారు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, మీ ఇద్దరి మధ్యా ఏమన్నా మాటా మాటా వచ్చిందా అని నన్నే అడిగారు. నాకు ఒళ్ళు మండింది. మాటా మాటా రావడానికి ముందు ఒక మాట ఆవిడ చెవిలో పడాలి కదా.

అసలు సంగతి ఒక రవికె గుండీ వల్ల బయటపడింది. అత్తగారు స్నానానికి వెళ్ళారు. గుండీ కుట్టడానికి వెలుతురు కోసం వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీ మూలన, కిటికీకీ ఆ గోడకీ నడుమ ఉంటుంది. సూదిలో దారం పెడుతుంటే చేతికింద కుర్చీ కర్ర సన్నగా వణుకుతోంది. మూలుగు అక్కడే ఉంది. ఉండటమేమిటి, మునుపటికన్నా బలిసి కూర్చుంది. లేచి గది మధ్యకు వెళ్ళాను, లేదు. వచ్చి కూర్చున్నాను, ఉంది. నేను అలా లేస్తూ కూర్చుంటూ ఉండగా అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చి, కుర్చీలో నల్లులున్నాయా అమ్మాయ్ అని అడిగారు.

తర్వాతి ఆదివారం పరీక్ష జరుగుతుంటే నేనూ వసారాలో ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఒళ్ళో చిన్న ప్లాస్టిక్ డబ్బీ. డబ్బీలో చెవి మిషను. నేను దాని వైపు చెయ్యి చూపించాను.

"ఆ కూత చెవిలో సూదిలా దిగుతుందమ్మాయ్. వాడి పని అయ్యేదాకా తీసి పెడతాను."

వాళ్ళబ్బాయి అడిగినప్పుడు ఏమీ వినబడటం లేదన్నారేమని, ఆవిడ చెవి దగ్గరగా వంగి అడిగాను. నిజమే కదా, అప్పుడు నాకేం వినబడుతుంది అన్నారు ఆవిడ. తర్వాత డబ్బీ మూత మూసి తెరిచి, మూసి తెరిచి, చిన్నప్పుడు మార్కుల కాగితం తెచ్చినప్పుడు కూడా వాడు అలాగే గుమ్మంలో నిలబడి తన మొహంలోకి చూసేవాడని చెప్పారు. ఈ సంగతి వాడితో అనవద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నారు.

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. తల్లిని గదిలోంచి పంపించి తల్లి కోసం గదిని సరిచేసే కొడుకు ఒకరు. చెవి తీసి డబ్బీలో పెట్టుకుని బాగుందని చెప్పే తల్లి ఒకరు. ఒకరినొకరు నొప్పించకూడదన్న ఆరాటంలో ఇద్దరూ కలిసి నా మధ్యాహ్నాలను మూటగట్టి ఊరికి పంపిస్తున్నారు.

చెవి మిషను సంగతి దాచి, మూల సంగతి మా వారికి చెప్పాను. మైకు అబద్ధం చెప్పదన్నారు. మైకును అనడం లేదు, వచ్చి ఆ కుర్చీలో కూర్చోండి అన్నాను. ఆయన చేతిలో ఫోన్ ఉంది. పెద్దసారు వచ్చే ఆదివారం స్వయంగా చూడటానికి వస్తున్నారట. ఇక్కడ ఫలితం బాగుంటే ఇళ్ళ గదుల కోసం కొత్త విభాగమే పెడతారట. ఆయన వచ్చి వెళ్ళాక చూద్దాంలే అన్నారు. మా ఇంట్లో చూద్దాంలే అన్నవన్నీ ఒకచోట పేర్చితే దుకాణదారు గిడ్డంగి చాలదు.

వదిన కూడా తల్లిని తీసుకెళ్ళడానికి అదే ఆదివారం సాయంత్రం వస్తానంది.

పెద్దసారు మంచి మనిషిలాగే ఉన్నారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, గది మధ్య సోఫాలో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నారు. పలకలు ఆపించి ఒకసారి, పెట్టించి ఒకసారి. తల పంకించారు. అత్తగారి వైపు తిరిగి, ఎలా ఉందమ్మా అని అడిగారు. పెదవుల కదలికను బట్టి ప్రశ్న ఊహించి, బాగుంది బాబూ అని ఆవిడ నవ్వారు. ఆ నవ్వు నేను ఎరిగిన నవ్వు. కాఫీ పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"ఒక్కసారి ఆ మూల కుర్చీలో కూర్చుంటారా?" అని పెద్దసారును అడిగాను.

మా వారు నా వైపు చూసిన చూపును ఎరగనట్టే ఉన్నాను. అత్తగారు లేచి చోటిచ్చారు. పెద్దసారు కూర్చున్నారు, విన్నారు, చేతికింద కర్రను తట్టి చూశారు. నేను చెప్పింది కాదంటారేమో, వాదించాలేమో అని లోపల మాటలు కూడగట్టుకుంటున్నాను. ఆయన అసలు వాదించనేలేదు.

"ఔనమ్మా, ఇక్కడ ఉంది. బరువైన మోత ఏ గదిలోనైనా మూలల్లోనే పోగవుతుంది. అందుకే మూలల్లో కొలవం. గోడలకు దూరంగా పెట్టి కొలవడం పద్ధతి."

"మూలలో మనిషి కూర్చుంటే?"

"కుర్చీ జరుపుకోవచ్చు కదమ్మా."

ఎంతో సౌమ్యంగా అన్నారు. దుకాణదారు కూడా ఇంతే సౌమ్యంగా అన్నాడు. తెలియనివాళ్ళకు చెప్పుకోవచ్చు, తెలిసి కొలవనివాళ్ళకు ఏం చెప్పుకుంటాం? ఆయన కాఫీ బాగుందని మెచ్చుకుని, గది మధ్య అంకెలు రేపు పంపించమని మా వారికి చెప్పి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మా వారు నాతో మాట్లాడిన మాటలు రాయడం అనవసరం. పెద్దమనిషి ముందు తన పరువు తీశానన్నారు. మీ పరువు జోలికి పోలేదు, కుర్చీని చూపించానన్నాను. కుర్చీయే కదా నీ గొడవ అని ఆయన వెళ్ళి దాన్ని రెండు చేతులా ఎత్తి, తెచ్చి గది మధ్యలో దించారు. అమ్మా, ఇలా కూర్చో అన్నారు. అత్తగారు మా ఇద్దరి మొహాలూ చూసి, వచ్చి కూర్చున్నారు. నేను ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు ఒళ్ళో పట్టుకుని, బడిలో కొత్తగా చేరిన పిల్లలా కూర్చున్నారు. కిటికీ దూరమైంది. వీధి గుమ్మం వీపు వెనక్కి పోయింది.

వదిన ఆ గుమ్మంలోంచే వచ్చింది. సంచీ దింపి, పలకరింపుగా వెనకనుంచి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. అత్తగారు ఒక్క ఉదుటున అదిరిపడ్డారు. గ్లాసు జారి నీళ్ళు ఒళ్ళంతా పడ్డాయి.  వదిన బిక్కచచ్చిపోయి, నేనే అమ్మా, నేనే అంటూ ముందుకు వచ్చి కూలబడింది.

అత్తగారు ఒళ్ళో నీళ్ళు దులుపుకున్నారు. తర్వాత లేచారు. తడిచీరతోనే కుర్చీ వీపు పట్టుకుని, ఎవరి సాయమూ తీసుకోకుండా, నేల మీద కీచుమని ఈడ్చుకుంటూ మళ్ళీ మూలకు తీసుకుపోయారు. వినబడని మనిషి వెనక గోడ ఉండాలి, ముందు గుమ్మం ఉండాలి. ఆ ఈడ్పు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. కూర్చుని కొడుకును చేత్తో పిలిచారు.

"తగ్గలేదురా."

"అదేంటమ్మా. నువ్వే కదా ఏమీ వినబడటం లేదన్నావు?"

"మిషను డబ్బీలో పెట్టుకుని అన్నాను. నువ్వడిగిన తీరు చూస్తే ఇంకోలా చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ కూర్చుంటే ఆ గోడ నా చెవిలోకొచ్చి మూలుగుతోందిరా. అమ్మాయి ఏం చదువుతోందో తెలియక నవ్వుతున్నాను. నవ్వి నవ్వి దవడలు పీకుతున్నాయి."

ఆయన వెళ్ళి ఒక పలకను అరచేత్తో తడిమి చూశారు.  నాకు మాత్రం ఆయన మీద జాలి కన్నా, ఈ మాట ఇన్నాళ్ళూ దాచినందుకు అత్తగారి మీద కోపమే ఎక్కువగా ఉంది. తర్వాత ఆయన మైకును మూడు కాళ్ళ మీదనుంచి విప్పి తెచ్చారు. కుర్చీ వీపుకు, సరిగ్గా తల్లి ఎడమచెవి ఎత్తున ఆనించి, ఇటూ అటూ చూశారు. నేను తీగ మీది బట్టల క్లిప్పులు రెండు తెచ్చి ఇచ్చాను. పుచ్చుకున్నారు, నా మొహం చూడకుండానే.

కూత పెట్టేముందు తల్లికి సైగచేశారు. ఆవిడ మిషను తీసేశారు. ఈసారి ఆవిడను ఎవరూ వసారాలోకి పంపించలేదు. కూత పెరిగి ఆగిపోయింది. పెట్టె లెక్క మొదలుపెట్టింది. ఒక్కో పలకా బిగుసుకుంటూ, వదులవుతూ, మళ్ళీ బిగుసుకుంది. ఆయన డబ్బీలోంచి మిషను తీసి స్వయంగా తల్లి అరచేతిలో పెట్టారు. పెట్టుకున్నాక, ఎలా ఉందని అడగబోయి ఆగిపోయారు. నా వైపు తిరిగి, ఏదన్నా చదువు అన్నారు.

పాత పత్రిక ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది. గొంతు పెంచకుండా చదివాను.

"నది దాటించేది. మూడక్షరాలు."

"పడవ."

"వంతెన కూడా సరిపోతుంది కదా అత్తయ్యా."

"వంతెన ఎక్కడ దాటిస్తుంది? దాని మీద మనమే నడిచి దాటాలి. పడవ రాయి."

నేను వెంటనే రాయలేదు. ఆవిడ ఇంకాస్త వాదించాలని ఊరికే పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

మూలలో మూలుగు పూర్తిగా పోలేదు, పలచబడింది అంతే. గది మధ్యకు మాత్రం అది మళ్ళీ దిగి వచ్చింది, పాతదానికన్నా గట్టిగా. సోఫాలో కూర్చున్న వదిన కాసేపు ఓర్చుకుని, ఏమిట్రా ఈ మోత, దీంట్లో ఎలా బతుకుతున్నారని గొంతు పెంచింది.

"నువ్వు అరవకే. నాకు వినబడుతోంది," అన్నారు అత్తగారు. "ఆ సంచీ గుమ్మంలోంచి తీసి లోపల పెట్టు, కాళ్ళకు తగులుతుంది. ఈ వారం నువ్వే ఇక్కడ ఉండు."

వదిన నా వైపు చూసింది. నేను గళ్ళ వైపు చూశాను.

మా వారు పలకల బిగువు మార్చకుండా మైకును ఒకసారి గది మధ్యకు తెచ్చి అంకెలు చూసుకుంటున్నారు. మధ్యలో అంకెలన్నీ పాడైపోయాయని తనలో తను అనుకున్నారు. రేపు పెద్దసారుకు ఏవి పంపుతారని అడిగాను. చూద్దాంలే అన్నారు. పరీక్షలు పూర్తయ్యాక ఈ పలకలు మన దగ్గర ఉంటాయా, కంపెనీకి తిరిగి ఇచ్చేయాలా అని అడిగాను. దానికీ అదే జవాబు. గోడ అవతల కంప్రెసరు ఎవరినీ పట్టించుకోకుండా తిరుగుతోంది. ఈసారి ఆ చూద్దాంలేను నేను వదలను. రోజూ అన్నంతో పాటు వడ్డిస్తాను.

కాసేపటికి ఆయన చేతులు దులుపుకుని లేచి, మధ్యలో ఇక ఎవరూ కూర్చోలేరు కదా, సోఫా ఎటు జరపమంటావు అని అడిగారు.

"అక్కడే ఉండనివ్వండి," అన్నాను. "కొలవడానికి వచ్చేవాళ్ళు కూర్చుంటారు."

ఆయనకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. అత్తగారు మాత్రం మోచేత్తో నన్ను పొడిచి, తర్వాతిది చదవమన్నారు.